రాయి బిగుతు, బావి వేడి

తిరుపతి: పలమనేరు, పుంగనూరు, పీలేరు... ఈ ఊళ్లలో ఏ బజారుకు వెళ్లినా మోటారు వైండింగు కొట్టు ఒకటి తప్పక కనబడుతుంది. ఎండాకాలం వచ్చిందంటే కొట్టు ముందు నేల మీద కాలిపోయిన సబ్‌మెర్సిబుల్ మోటార్లు వరసగా పడి ఉంటాయి. సైకిలు వెనక కట్టుకుని తెచ్చినవి కొన్ని, ట్రాక్టరులో వేసుకుని తెచ్చినవి కొన్ని. "ఓల్టేజీ లేక కాలింది" అంటాడు రైతు. "కరెంటు ఎక్కువై కాలింది" అంటాడు ఇంకొక రైతు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. అయితే విప్పి చూసిన మెకానిక్కు చాలాసార్లు మూడో కారణం చెబుతాడు. బోరులో నీళ్లు చాలలేదు, మోటారు వేడెక్కి మాడిపోయింది అని.

బోరులో దించే మోటారుకు వేరే ఫ్యాను లేదు. పక్కనుంచి పైకి పోయే నీరే దానిని చల్లబరచాలి. రాతి సందుల్లోంచి నీరు ధారాళంగా వచ్చినంతసేపు మోటారు చల్లగా తిరుగుతుంది. సందులు సన్నవైతే మోటారు లాగే వేగానికి ఊట అందదు. నీటిమట్టం జారిపోతుంది, మోటారు ఒంటిమీదుగా పారే నీరు తగ్గిపోతుంది. ఆ తరవాత చుట్ట మాడడానికి ఎంతోసేపు పట్టదు. అంటే రాయి ఎంత బిగుతుగా ఉందన్నదే మోటారు వేడిని తేల్చింది. వైండింగుకు అయిన ఖర్చు రైతు నెత్తిన పడింది.

ఇదే లెక్క ఇక్కడికి వందల మైళ్ల దూరాన, కాకినాడ ఎదుట సముద్రంలో, గోదావరి లంకల కింద, చమురు గ్యాసు బావులలోనూ నడుస్తున్నది. అక్కడ మునిగేది వేలు కాదు, వేల కోట్లు.

భూమిలో వేడి

మార్గశిర మాసంలో తెల్లవారుజామున బోరు నీళ్లు పోసుకుంటే గోరువెచ్చగా ఉంటాయని పల్లెల్లో అందరికీ తెలిసినదే. నేల పైన చలికి గాలి చల్లబడుతుంది గాని లోపలి రాయికి ఆ చలి తగలదు. కొద్ది గజాల లోతు దాటాక ఏడాది పొడుగునా ఒకటే వేడి. ఇంకా కిందికి పోతే ఆ వేడి మెల్లగా పెరుగుతుంది.

ఎంత పెరుగుతుందన్నది చెప్పడానికి చిత్తూరు జిల్లా వారికి దూరం పోనక్కర లేదు. కుప్పానికి పొరుగునే కోలారు బంగారు గనులున్నాయి. తెలుగువారు, తమిళులు తరతరాలుగా దిగి పనిచేసిన గనులవి. 2001లో మూతపడ్డాయి. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. ఒకప్పుడు ప్రపంచంలోని మిక్కిలి లోతైన గనులలో అదొకటి. అడుగున రాతి వేడి సుమారు 65 డిగ్రీల సెంటిగ్రేడు. పైనుంచి చల్లని గాలి పంపితే తప్ప మనిషి నిలవలేడు. లెక్క వేసి చూస్తే కిలోమీటరు లోతుకు పన్నెండు డిగ్రీల చొప్పున పెరిగిందన్నమాట. ఈ లెక్కన మన జిల్లాలో వెయ్యి అడుగుల బోరు అడుగున పైకన్నా నాలుగు డిగ్రీలు ఎక్కువ ఉండాలి. మరీ పెద్ద తేడా కాదు.

దక్కను పీఠభూమి రాయి ముసలిది, చల్లారిన రాయి. కృష్ణా గోదావరి తీరం అలా కాదు. అక్కడ కిలోమీటర్ల మందాన ఒండ్రు, ఇసుకరాయి, బంకరాయి పొరలు పేరుకుని ఉన్నాయి. కిలోమీటరుకు ముప్పై డిగ్రీలకు పైనే వేడి పెరుగుతుంది. అయిదు కిలోమీటర్లు దిగిన బావి అడుగున నీరు మరిగే వేడిని ఎప్పుడో దాటిపోతాం. 150 డిగ్రీలు, చదరపు అంగుళానికి పదివేల పౌన్ల ఒత్తిడి దాటిన బావులను చమురు ఇంజనీర్లు వేరే తరగతిగా చూస్తారు. పైపు, సిమెంటు, రబ్బరు వాషరు సహా అన్నీ వాటికి ప్రత్యేకంగా కావాలి.

రాయి ఇంత వేడిగా ఉన్నా అందులోంచి వచ్చే చమురు, గ్యాసు బావి మూతి దగ్గరికి ఎంత వేడితో చేరతాయన్నది వేరే ప్రశ్న. దానిని తేల్చేది రాయి గుణమే. భూగర్భ శాస్త్రజ్ఞులు దీనిని పారగమ్యత అంటారు. రాయి తనలోంచి ద్రవాన్ని ఎంత సులువుగా పోనిస్తుందన్నది దీని అర్థం.

కొండ దారిలో పాఠం

రాతిలో ఖాళీ ఉండడం వేరు, దారి ఉండడం వేరు. బంకమట్టి ముద్దలో నీరు ఎంతో ఉంటుంది. పిండితే చుక్క రాదు. ఏటి ఇసుకలో అంతకన్నా తక్కువ నీరున్నా చెలమ తవ్వితే క్షణంలో ఊరుతుంది. ఈ తేడా తెలియకనే బావులలో డబ్బు పోసి పోగొట్టుకున్నవారు పల్లెల్లోనూ ఉన్నారు, పెద్ద కంపెనీలలోనూ ఉన్నారు.

తిరుమల ఘాటు రోడ్డున పోయేవారు ఒకచోట రాతి గోడను చూపుతూ భారత భూగర్భ సర్వే వారు పెట్టిన బోర్డును గమనించే ఉంటారు. కింద గ్రానైటు, పైన నగరి పేరుతో పిలిచే క్వార్ట్‌జైటు. రెండింటి నడుమ దాదాపు 80 కోట్ల సంవత్సరాల ఎడం. పై రాయి అసలు ఇసుకే. నొక్కుడుకు గట్టిపడి, రేణువుల మధ్య ఖాళీ పూడిపోయి, గాజులా తయారైంది. ఇసుక నాడు నీటిని ఎంత ధారాళంగా పోనిచ్చిందో, రాయి అయ్యాక అంత బిర్రబిగిసింది. ఇప్పుడు నీరు పోవాలంటే పొరల మధ్య సందులు, నిలువు పగుళ్లే దారి. కింది గ్రానైటుదీ అదే కథ. పై పైన కుళ్లిన రాయి కొన్ని పదుల అడుగులు, ఆ కింద పగుళ్లు. పగులు తగిలితే ఊట, తగలకపోతే తెల్లని రాతిపొడి. లోతుకు పోయేకొద్దీ పై బరువుకు పగుళ్లు మూసుకుపోతుంటాయి. వెయ్యి అడుగులు దించినా నీళ్లు పడలేదని వాపోయే రైతుకు ఈ సంగతి ముందుగా చెప్పేవారుండరు. టెంకాయ పట్టుకుని పాయింటు చూసినవారు చెప్పరు. తిరుచెంగోడు నుంచి వచ్చిన బోరు లారీ వారు అసలే చెప్పరు, వారికి అడుగు లెక్కన కూలి.

జిల్లాకు తూర్పున సత్యవేడు వైపు వెళ్తే వేరే రాయి. రాకాసి బల్లుల కాలంనాటి ఇసుకరాళ్లు అవి. రేణువుల మధ్య ఖాళీ ఇంకా మిగిలి ఉన్న రాళ్లు. కాకినాడ దగ్గర సముద్రం కింద గ్యాసు దొరికిన ఇసుకరాళ్లలో కొన్ని దాదాపు ఆ కాలానివే. అయితే అవి అయిదు కిలోమీటర్ల కిందికి కుంగి, పైబరువుకు నలిగి, వేడికి ఉడికి, తిరుమల కొండరాయి వైపు సగం దారి నడిచినవి. ఆ కథకు తరవాత వద్దాం.

ఈ గుణాన్ని కొలతకు తెచ్చినవాడు హెన్రీ డార్సీ అనే ఫ్రెంచి ఇంజనీరు. దిజాన్ పట్టణానికి మంచినీటి కుళాయిలు అమర్చిన మనిషి. ఇసుక వడపోత తొట్లలో నీరు ఎంత వేగంతో దిగుతుందో కొలిచి 1856లో సూత్రం ప్రకటించాడు. ఒత్తిడి తేడా ఎక్కువైతే వేగం ఎక్కువ, రాయి బిగుతైతే వేగం తక్కువ. ఈనాటికీ చమురు ఇంజనీర్లు పారగమ్యతను డార్సీలలోనే కొలుస్తారు. మంచి ఇసుకరాయికి వందల మిల్లీడార్సీలు ఉంటాయి. మిల్లీడార్సీలో పదో వంతు కూడా లేని దానిని 'టైట్' అంటారు. తెలుగులో బిగుతు రాయి అనవచ్చు.

చమురు వేడెక్కుతుంది, గ్యాసు చల్లబడుతుంది

డార్సీ సూత్రంలోనే వేడి సంగతి దాగి ఉన్నది. రాయి బిగుతైతే అదే పరిమాణం పైకి లాగడానికి బావి దగ్గర ఒత్తిడి చాలా తగ్గించాలి. అంటే రాతిలోంచి బావిలోకి వచ్చే ఆ కొద్ది గజాల దూరంలోనే వందల వాతావరణాల ఒత్తిడి కరిగిపోవాలి. కరిగిన ఒత్తిడి ఎక్కడికి పోతుంది?

ద్రవమైతే ఆ శక్తి రాపిడిగా మారి వేడి అవుతుంది. వంద వాతావరణాల ఒత్తిడి పోగొట్టుకుంటే నీరు సుమారు రెండు డిగ్రీలు, చమురు నాలుగైదు డిగ్రీలు వేడెక్కుతుంది. చుట్టూ ఉన్న రాయికన్నా అందులోంచి వచ్చే చమురు వేడిగా ఉండడం వినడానికి వింతగా ఉంటుంది గాని లెక్కకు సరిపోతుంది.

వాయువు సంగతి వేరు. ఇంగ్లండులో జేమ్స్ జౌల్, విలియం థామ్సన్ 1852లో మొదలుపెట్టిన ప్రయోగాలలో, గుల్ల అడ్డు పెట్టిన గొట్టం గుండా గాలిని ఒత్తిడితో తోసి చూశారు. అవతల వచ్చిన గాలి చల్లబడింది. విస్తరించేటప్పుడు అణువులు ఒకదాన్నొకటి విడిపించుకోవడానికి తమ వేడినే ఖర్చు పెట్టుకుంటాయి. బావి చుట్టూ ఉన్న రాయి ప్రకృతి పెట్టిన గుల్ల అడ్డు లాంటిదే. మామూలు లోతు గ్యాసు బావిలో వంద వాతావరణాల ఒత్తిడి రాతిలోనే పడిపోతే గ్యాసు ఇరవై డిగ్రీల దాకా చల్లబడవచ్చు. రాయి వదులైతే ఒత్తిడి పెద్దగా పడదు, చల్లదనమూ ఉండదు.

ఇందులోనూ ఒక తిరకాసున్నది. ఒత్తిడి మరీ ఎక్కువైన చోట, అయిదు వందల వాతావరణాలు దాటిన చోట, మీథేన్ విస్తరించినా చల్లబడదు. నీటిలాగానే కొద్దిగా వేడెక్కుతుంది. అయిదు కిలోమీటర్ల బావులలో మొదట వేడెక్కి, ఒత్తిడి తగ్గాక పైదారిలో చల్లబడే గ్యాసులుంటాయి. పైపైన చదివి 'గ్యాసంటే చల్లబడుతుంది' అని ముగిస్తే లెక్క తప్పుతుంది.

ఈ గుణాన్ని ఇంజనీర్లు పనికి పెట్టుకున్నారు. తీగకు థర్మామీటరు కట్టి బావిలో దించి, అడుగడుగునా వేడి రాసుకుంటూ పోతారు. లోతుతోబాటు సాఫీగా పెరగవలసిన వేడి ఒకచోట హఠాత్తుగా చల్లబడితే, గ్యాసు అక్కడినుంచి వస్తున్నదని గుర్తు. ఏ పొర పనిచేస్తున్నది, ఏది మొండికేసింది, సిమెంటు వెనక ఎక్కడ కారుతున్నది, ఇవన్నీ అర డిగ్రీ, పావు డిగ్రీ తేడాలలో పట్టుకుంటారు. నాడి చూసి జ్వరం చెప్పే వైద్యుని పని వంటిదే.

జోరుగా వస్తే వేడి, నింపాదిగా వస్తే చల్లన

పారగమ్యత చేసే రెండో పని ఇంతకన్నా సులువుగా అర్థమవుతుంది. వదులు రాయి ఉన్న బావిలో రోజుకు వచ్చే పరిమాణం ఎక్కువ. వేడి చమురు గొట్టంలో జోరుగా ఎగబాకుతుంది. చుట్టూ ఉన్న చల్లని పై పొరలకు వేడి అప్పగించే వ్యవధి దానికి ఉండదు. అడుగున ఉన్న వేడిలో చాలా భాగం మూతి దాకా వస్తుంది. బిగుతు రాయి బావిలో సన్నని ధార నింపాదిగా నడుస్తుంది. దారి పొడుగునా వేడి పోగొట్టుకుని పైకి చేరేసరికి నేల వేడికి వచ్చేస్తుంది. కాగులో కాచిన నీళ్లను సన్నని గొట్టం గుండా దొడ్డి చివరికి పంపి చూసిన ఎవరికైనా ఇది తెలుస్తుంది.

చల్లబడితే ఏమి నష్టం అనిపించవచ్చు. మైనం కలిసిన చమురు చల్లబడితే గొట్టంలోనే పేరుకుంటుంది. రాజస్థాన్‌లో బాడ్మేరు దగ్గర 2004లో దొరికిన మంగళ చమురు 40 డిగ్రీల దరిదాపుల్లోనే నెయ్యిలా గడ్డకడుతుంది. అక్కడి ఇసుకరాయి చాలా వదులైనది, పారగమ్యత డార్సీలలో ఉంటుంది. అందువల్ల బావి నుంచి ధార బాగానే వస్తుంది గాని, అక్కడినుంచి గుజరాత్ తీరానికి తీసుకుపోవడానికి ఆరు వందల కిలోమీటర్లకు పైగా గొట్టాన్ని దారి పొడుగునా వేడి చేస్తూ వేయవలసి వచ్చింది. అదే చమురు బిగుతు రాతిలో ఉండి ఉంటే బావి మూతి దాకా రావడమే కష్టమయ్యేది.

గ్యాసు బావిలో భయం మైనం కాదు, మంచు. చల్లబడిన గ్యాసులో తేమ ఉంటే, ఒత్తిడి కింద నీరూ మీథేనూ కలిసి మంచుగడ్డలాంటి పదార్థం ఏర్పడి గొట్టాన్ని మూసేస్తుంది. నీరు గడ్డకట్టే సున్న డిగ్రీలకు చాలా పైనే ఇది జరుగుతుంది. కాకినాడ ఎదుట లోతు సముద్రంలో, 2002లో రిలయన్సు వారికి గ్యాసు దొరికిన డి6 క్షేత్రంలో, సముద్రపు అడుగు నీరే వణికించేంత చల్లన. అక్కడి గొట్టాలలోకి గ్లైకాల్ అనే ద్రవాన్ని ఎడతెగకుండా పంపుతుంటారు. కార్ల రేడియేటరులో నీరు గడ్డకట్టకుండా చలిదేశాలవారు పోసే జాతి ద్రవమే అది.

డి6 రాయి మంచి వదులు రాయి. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది, మరుసటి ఏడాదికే రోజుకు ఆరు కోట్ల ఘనపు మీటర్ల దగ్గరికి చేరింది. తరవాత అంచనాలు తారుమారై పడిపోయింది. దారి విరివిగా ఇచ్చే రాయి గ్యాసుకే కాదు, నీటికీ, ఇసుకకూ కూడా దారి ఇస్తుంది. వదులు రాయి దొరికితే కష్టాలు తీరాయనుకోవడం పొరపాటు. కోనసీమ వాసులకు ఇంకో అనుభవం కూడా ఉన్నది. 1995 జనవరి 8న పాశర్లపూడిలో అదుపు తప్పిన బావి రెండు నెలలకు పైగా మండింది.

ఉన్నా ఇవ్వని రాయి

అదే కాకినాడ ఎదుట, తక్కువ లోతు నీటిలో, గుజరాత్ ప్రభుత్వ పెట్రోలియం సంస్థ బావులు తవ్వింది. 2005లో పెద్ద ప్రకటన వెలువడింది. ఇరవై లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాసు ఉన్నదని. దేశమంతా మోగిపోయింది. ఆ క్షేత్రానికి దీన్‌దయాళ్ అని పేరు పెట్టారు. తీరా అభివృద్ధి ప్రణాళిక వేసేసరికి తీయగల గ్యాసు అందులో పదో వంతు దగ్గర తేలింది. తవ్విన బావులకు అంత సులువుగా అదీ రాలేదు. రాయి బిగుతు. దానికి తోడు అయిదు కిలోమీటర్ల లోతు, మండే వేడి, విపరీతమైన ఒత్తిడి. నీటిని భారీ ఒత్తిడితో కొట్టి రాతిని పగలగొట్టాలి, ఆ పగుళ్లు మళ్లీ మూసుకుపోకుండా గట్టి రేణువులు దూర్చాలి. చల్లని రాతిలో చేసే పనిని అంత వేడిలో చేయాలంటే పనిముట్లే తట్టుకోవు. 2014లో ప్రయోగాత్మకంగా ఉత్పత్తి మొదలైనా అది అనుకున్న స్థాయికి రాలేదు.

సంస్థ అప్పు ఇరవై వేల కోట్ల రూపాయల దగ్గరికి పోయింది. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదికలలో ఈ వ్యవహారం చోటు చేసుకుంది. చివరికి 2017లో ఓ.ఎన్.జి.సి. అందులోని 80 శాతం వాటాను, ఇతర చిన్న నిక్షేపాల నిమిత్తం ఇచ్చిన మొత్తంతో కలిపి, ఏడు వేల ఏడు వందల కోట్ల పైచిలుకుకు కొనుక్కున్నది. కొన్నదీ ప్రభుత్వ సంస్థే, అమ్మినదీ ప్రభుత్వ సంస్థే. రాజకీయంగా దీనిపై చాలా మాటలు నడిచాయి. రాయి మాత్రం ఏ పక్షానికీ చెందదు. గ్యాసు లోపల ఉన్నదని చెప్పినవారు అబద్ధమాడలేదు. ఉన్నదానికీ వచ్చేదానికీ నడుమ రాయి నిలబడి ఉన్నదని గట్టిగా చెప్పవలసినవారే సకాలంలో చెప్పలేదు, చెప్పినా వినలేదు.

రాతిని పగలగొట్టే ఈ పనికి చిన్న తమ్ముడు మన జిల్లాలకూ తెలిసినదే. ఊట తగ్గిన బోరులోకి పైన బిగింపు పెట్టి, నీటిని ఒత్తిడితో కొట్టి, మట్టి పేరుకున్న పగుళ్లను తెరిపిస్తారు. హైడ్రో ఫ్రాక్చరింగు అంటారు. పాత పగులు ఉన్నచోట కొంత నీరు తిరిగి వస్తుంది. పగులే లేని రాతిలో ఎంత కొట్టినా అంతే. కోటి రూపాయల పరికరానికైనా, లక్ష రూపాయల పరికరానికైనా ఇక్కడ తేడా లేదు.

బోరు వేసే ముందు అనుమతి తీసుకోవాలని 2002 నాటి వాల్టా చట్టం చెబుతున్నది. ఆ అనుమతి సాకుగా అయినా రైతు భూగర్భ జలశాఖ వారిని పిలిపించి రాయిని చూపించుకుంటే మంచిదని తెలిసినవారు అంటారు. కాగితాలకు తిరిగే ఓపిక ఎండిన చీనీ తోట ఎదుట నిలబడ్డ రైతుకు ఉండదు. రాత్రికి రాత్రి లారీ వస్తుంది.

నీళ్లు పడ్డా పడకపోయినా రెండు సంగతులు రైతు తనంతట తాను చూసుకోవచ్చు. మొదటిది, కొత్త బోరును ఒకనాడు ఆపకుండా నడిపి ఎన్ని గంటలకు ధార సన్నబడుతుందో గుర్తు పెట్టుకోవడం. మొదటి గంటలో రెండు ఇంచులు పోసిన బోరు సాయంత్రానికి అర ఇంచుకు వస్తే, ఆ నీరు బావిలో నిలవ ఉన్నదే గాని రాయి ఇచ్చినది కాదు. రెండవది, ఆ సన్నబడిన ధారకు తగిన మోటారునే దించడం. పక్కవాడు పది గుర్రాలది పెట్టాడని తానూ పెడితే, మోటారును చల్లబరిచే నీరు ఆ రాతిలో లేదు.

పీలేరులోనూ, పలమనేరులోనూ వైండింగు కొట్లవాళ్లు ఈ మాట చెబుతూనే ఉంటారు. చెప్పి, రాగి తీగ తూకం వేసి, మరుసటి వారం రమ్మంటారు.